కొట్టివేత ఒకటి

ముసాయిదా మూడుసార్లు చదివి వినిపించిన,
ఎనుమాముల యార్డుల, ఆరో నంబరు షెడ్డు కింద
ఖాళీ గోనెల కట్ట మీద కూసొని.
తేజ మిర్చి ఘాటుకు కామా కామాకూ ఒక దగ్గు.

మొదటి పక్షం అడ్తిదారులు.
రెండో పక్షం మేము.
ఇరవై ఏండ్లు బస్తా కింద వంగినోళ్లం
కాయితంల "సదరు సంఘం" అయినం.
సదరు అంటే ఏందన్నడు బొంద్యాలు.
మనమే, అన్న.
మరి మనమనే రాయొచ్చు గదా, అన్నడు.

సదరు సంఘం తెల్లవారుజామున ఐదింటికి హాజరు కావలెను.
ఏసీ సరుకుకు కొక్కెం తగిలించరాదు.
తడిసిన బస్తా, చినిగిన గోనె, కాంటా దగ్గర తూలిన మాట,
అన్నిటికీ సదరు సంఘమే జవాబుదారు.
సభ్యుడెవరైనా గాయపడిన యెడల
అరగంటలోగా మరొకరిని పంపవలెను.

అది విని కట్టయ్య మోకాలి చిప్ప తడుముకున్నడు.
"అరగంట ఎక్కువనే ఇచ్చిండ్రు."
అందరం నవ్వినం.
నవ్వు దగ్గయ్యి, దగ్గు చానాసేపు ఆగలె.

బస్తాకు డెబ్బై పైసలు పెరిగింది.
దానికి పదకొండు దినాలు హమాలీ బంద్ పెట్టినం.
కట్టయ్య పెండ్లాం పుస్తెలతాడు ఇంకా కుదవనే ఉన్నది.
అదీ కాయితంల లేదు,
ఉండదు గూడ.

ఏడో షరతు కాడ నా నాలుక ఆగింది:
"ఎత్తుదింపులలో నేలరాలిన మొత్తం సరుకును
పోగుచేసి మొదటి పక్షం వారికి అప్పగించుట
సదరు సంఘం యొక్క బాధ్యత."
రెండుసార్లు చదివిన గదా, అప్పుడేం కాలె.
మూడోసారి
షెడ్డు చివర్ల చాట చప్పుడు వినవడ్డది.

సారవ్వ.
ఆమె ఎనుక ఇంకో పదిమంది చాటకూలీలు.
మా రిజిస్టర్ల ఒక్కదాని పేరు లేదు.
మా భుజాల మీదికెల్లి రాలిందే వాళ్ల కూలి:
తొడిమె, తాలు, పగిలిన కాయ, ఎర్రటి దుమ్ము.
చెరిగి చెరిగి, పొద్దుగూకేసరికి
కొంగున అద్దకిలో, ముప్పావుకిలో.
చేతులకు కొబ్బరినూనె రాసుకొని పోతరు ఇంటికి,
పిల్లల మొకం ముట్టుకోవాలె గదా.

మా బంద్ పదకొండు దినాలు
వాళ్ల చాటలూ బోర్లపడే ఉన్నయి.
మీకెట్లెల్లుతున్నదని
మేమెవ్వలం అడగలె.
నేను కార్యదర్శిని. నేనూ అడగలె.

సంతకాల కాడ, ఆఫీసుల, ఫ్యాను కింద,
పెన్ను తీసి ఒక్క మాట కొట్టేసిన.
"మొత్తం."

వెంకటనారాయణ సేటు అద్దాలు పైకి జరిపిండు.
అర్థం ఒకటే గదా?
ఒకటే సేటూ.
మరి ఎందుకు కొట్టుడు?
కాయితం బరువైతున్నదని.

ఆయన నవ్విండు. తర్వాత నవ్వలె.
కిటికీలకెల్లి షెడ్డు దిక్కు చూసిండు జరసేపు.
సమజైందో, విసుగొచ్చిందో, లారీకి తొందరనో,
ఇప్పటికీ నాకు తెల్వది.
కొట్టిన గీత పక్కన
పొట్టి సంతకం పెట్టిండు.

మావోళ్లు వేలిముద్రలేసిండ్రు.
గోనెలు అరగదీసిన బొటనవేళ్లు,
గీతల్లేవు,
ఒక్కొక్కటి ఒక్కొక్క నల్లచుక్క.
అట్టడుగున అఫ్జల్ రాసిండు, దస్తావేజులు రాసీ రాసీ
మాట గూడ గట్లనే మాట్లాడే మనిషి:
"కొట్టివేత ఒకటి. దిద్దుబాట్లు లేవు."

దిద్దుబాట్లు లేవు. నిజమే.
సారవ్వ పేరు అయ్యాల గూడ రిజిస్టర్లకు ఎక్కలె.
ఎక్కిస్తె రేటెంత, ఎవలిస్తరు, మావోళ్లు ఒప్పుకుంటరా,
ఇన్ని అడ్డమొచ్చినయి నాకు,
ఒక్క గీత గీసి వచ్చిన.

మడతపెట్టిన కాయితం జేబుల పెట్టుకొని
షెడ్డుకు మర్రిన.
చెప్దామని నోరు తెరిచిన.
ఆమె తల ఎత్తలె.
"అయిందానయ్యా మీ కాయితం?
జర కాలు తియ్యి,
కింద కాయున్నది."